తేలికపాటి ఆంప్లిఫయర్‌లో లిమిటర్‌ను ముందే అమర్చుకోండి

స్విచ్చింగ్ పవర్ సప్లై, క్లాస్ డి సర్క్యూట్ల పుణ్యమా అని, ఒకప్పుడు ఇద్దరు పట్టి మోసిన ఆంప్లిఫయర్ స్థానంలో ఇప్పుడు ఒంటిచేత్తో ఎత్తగల పెట్టె వచ్చింది; అయితే బరువు తగ్గినా దాని శక్తి తగ్గలేదు కాబట్టి, స్పీకర్లు కలిపే ముందే అందులోని డీఎస్‌పీని, అంటే ధ్వని సంకేతాన్ని అంకెల రూపంలో సరిదిద్దే భాగాన్ని, సరిచూసుకోవాలి.

అందులో ముఖ్యమైనది లిమిటర్, అంటే స్పీకరుకు వెళ్లే వోల్టేజీని హద్దు దాటనివ్వని అమరిక. స్పీకరు నిరంతరం తట్టుకోగల వాట్లను దాని ఓమ్‌లతో గుణించి, వచ్చినదానికి వర్గమూలం కడితే వోల్టేజీ తేలుతుంది: 400 వాట్లు, 8 ఓమ్‌ల బాక్సుకు అది సుమారు 56.6 వోల్టులు. ఆర్‌ఎంఎస్ (సగటు స్థాయిని చూసే) లిమిటర్‌ను అక్కడే నిలపండి. గంటల తరబడి బేస్ మోగే ఊరేగింపులకైతే నేను 50 దాటనివ్వను. అదే రకం బాక్సులు రెండింటిని ప్యారలల్‌గా కలిపినా ఈ అంకె మారదు. ఇక్కడే పొరబడి, వోల్టేజీ పెంచేసి, వాయిస్ కాయిల్ (స్పీకరు కోన్‌ను కదిలించే తీగచుట్ట) మాడ్చుకునేవారున్నారు.

పోర్టు (గాలి రంధ్రం) ఉన్న బేస్ బాక్సు 40 హెర్ట్‌జ్‌కు ట్యూన్ అయి ఉంటే, అంతకు కింద కోన్‌ను పట్టి ఉంచే గాలి ఒత్తిడి లేక అది అదుపు తప్పి ఊగుతుంది గనుక, దాదాపు అక్కడే హై-పాస్ ఫిల్టర్, అంటే అంతకు కింది ధ్వనిని పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ 24 డీబీ వాలుతో తగ్గించేది, పెట్టండి. ఆపైన ప్రీసెట్‌గా సేవ్ చేసి, ముందు ప్యానెల్‌ను లాక్ చేయండి.