సోలార్ ప్యానెళ్ల యూనిట్ పెట్టాలంటే: యంత్రం ఆఖరున కొనండి

సోలార్ ప్యానెళ్లు తయారు చేద్దామనుకునేవారిలో చాలామంది మొట్టమొదట చేసే పని యంత్రాలకు కొటేషన్ తెప్పించుకోవడం. ఆ కాగితం చేతికి రాగానే షెడ్డు వెతకడం, బ్యాంకు మేనేజరును కలవడం, కంపెనీకి పేరు పెట్టడం చకచకా జరిగిపోతాయి. ప్యానెల్‌లో కరెంటు పుట్టించే సెల్స్ ఎవరు ఇస్తారు, తయారైన సరుకు ఎవరు కొంటారు అన్న ప్రశ్నలు యంత్రాలు దిగాక గానీ గుర్తుకు రావు. ఆ వరుసను తిరగేయండి. ముందు కొనేవాడు, తర్వాత సెల్, తర్వాత డబ్బు. యంత్రం వంతు ఆ తర్వాతే.

1. గిరాకీని, పోటీని పక్కపక్కన పెట్టి చూడండి

మన దేశంలో సౌర విద్యుత్తుకు గిరాకీ లేదని ఎవరూ అనలేరు. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు 2022 నాటికి 20 గిగావాట్లు వస్తే చాలనుకున్నారు. 2015లో ఆ లక్ష్యాన్ని 100 గిగావాట్లకు పెంచారు. గడువుకు అందలేదు గానీ 2025 జనవరిలో దేశం ఆ గీత దాటింది. 2030 నాటికి శిలాజేతర వనరుల సామర్థ్యాన్ని 500 గిగావాట్లకు చేర్చాలన్నది ఇప్పటి లక్ష్యం. అందులో పెద్ద వాటా ఎండదే.

అయితే ప్యానెళ్ల తయారీ ఈ గిరాకీని మించి పరుగెత్తింది. కేంద్రం ఆమోదించిన తయారీదారుల జాబితా ఒకటి ఉంది. వ్యాపారంలో అందరూ దాన్ని ఏఎల్‌ఎంఎం అంటారు. దేశంలో మాడ్యూళ్ల, అంటే ప్యానెళ్ల, తయారీ సామర్థ్యం 2014లో 2.3 గిగావాట్లు. 2024 మార్చికి 38, 2025 మార్చికి 74, అదే ఏడాది ఆగస్టులో ఈ జాబితాలోనివే 100 దాటాయి. 2024-25లో దేశం మొత్తం మీద కొత్తగా వచ్చిన సౌర సామర్థ్యం సుమారు 24 గిగావాట్లు. కాగితం మీది తయారీ సామర్థ్యమంతా నడుస్తుందని కాదు, పాత లైన్లు చాలా పడుకునే ఉంటాయి. అయినా ఈ రెండు అంకెల మధ్య దూరం చూశాక ‘ప్యానెల్ చేస్తే చాలు, అమ్ముడుపోతుంది’ అన్న మాట నమ్మబుద్ధి కాదు.

ఇంకొక అంకె కూడా రాసుకోండి. ప్యానెళ్లలో వాడే సెల్స్ తయారీ సామర్థ్యం 2025 మార్చి నాటికి 25 గిగావాట్లే. ప్యానెల్ చేసేవాళ్లు ఎక్కువ, సెల్ చేసేవాళ్లు తక్కువ. ఈ వ్యాపారంలో లాభం ఎటు పోతుందో, నష్టం ఎవరి నెత్తిన పడుతుందో ఈ తేడాయే చెబుతుంది.

2. ఎవరికి అమ్ముతారో పేరు పెట్టి రాయండి

‘మార్కెట్‌కు’ అని రాస్తే కుదరదు. ఇక్కడ మూడు వేర్వేరు మార్కెట్లు ఉన్నాయి.

మొదటిది సబ్సిడీ మార్కెట్. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల పైకప్పులను లక్ష్యంగా పెట్టుకుంది. 3 కిలోవాట్లు పెట్టించుకున్న ఇంటికి 78,000 రూపాయల వరకు కేంద్ర సాయం అందుతుంది. షరతు ఏమిటంటే ప్యానెల్‌తో పాటు అందులోని సెల్ కూడా ఇక్కడ తయారైనదే కావాలి. ఇలాంటి సరుకును వ్యాపారంలో డీసీఆర్ ప్యానెల్ అంటారు. మామూలు దానికంటే ధర ఎక్కువ పలుకుతుంది. రైతుల పంపుసెట్ల కోసం ఉన్న కుసుమ్ పథకంలోనూ ఇదే నియమం ఉంది.

రెండోది పెద్ద ప్రాజెక్టుల మార్కెట్. 2024 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ సంబంధమైన ప్రాజెక్టుల్లో జాబితాలో ఉన్న తయారీదారుల ప్యానెళ్లే వాడాలి. 2026 జూన్ 1 నుంచి సెల్స్‌కు కూడా ఇలాంటి జాబితా వర్తిస్తుందని కేంద్రం ప్రకటించింది. పాత టెండర్లకు మినహాయింపులు ఉన్నాయి. ఇక్కడ ఒక్కో ఆర్డరు వందల మెగావాట్లలో ఉంటుంది, చిన్నవాడి మాట చెల్లదు.

మూడోది ఎగుమతి. అందులో దాదాపు అంతా అమెరికాకే. 2025 ఆగస్టు చివరలో అక్కడ మన సరుకులపై సుంకం ఒక్కసారిగా 50 శాతానికి చేరినప్పుడు ఒకే దేశాన్ని నమ్ముకోవడం ఎలా ఉంటుందో ఎగుమతిదారులకు తెలిసివచ్చింది. కొత్తగా దిగేవాళ్లు దీన్ని తమ లెక్కలో వేసుకోకపోవడమే మంచిది.

చిన్న, మధ్య తరహా యూనిట్‌కు నిజంగా అందేది మొదటి మార్కెట్. కాబట్టి మీ జిల్లాలో, పక్క జిల్లాల్లో పైకప్పు పనులు చేసే ఇన్‌స్టాలర్లను కనీసం ఇరవై మందిని కలవండి. నెలకు ఎన్ని కిలోవాట్లు పెడుతున్నారు, ఎవరి సరుకు కొంటున్నారు, ఎన్ని రోజుల అరువు తీసుకుంటున్నారు? ఈ మూడు ప్రశ్నలు చాలు.

3. ఏ దశలో దిగాలో తేల్చుకోండి

ఇసుక నుంచి ప్యానెల్ దాకా నాలుగు దశలు: పాలీసిలికాన్, దాన్ని కరిగించి కోసిన వేఫర్, వేఫర్‌ను విద్యుత్తు పుట్టించేలా మార్చిన సెల్, సెల్స్‌ను కూర్చిన మాడ్యూల్. మనం ప్యానెల్ అనేది ఈ ఆఖరి దానినే. ప్రపంచంలో ఈ దశలన్నిటా చైనా వాటా 80 శాతానికి మించి ఉంది. మన దగ్గర కోట కట్టింది నాలుగో దశలోనే. మూడో దశలో ఇప్పుడిప్పుడే గోడలు లేస్తున్నాయి.

పై దశలు మనలాంటివాళ్లకు కావు. సెల్ కర్మాగారానికి శుద్ధ జలం, ప్రమాదకరమైన వాయువులు, ఆమ్లాలు, వందల కోట్ల పెట్టుబడి కావాలి. కేంద్రం 24,000 కోట్ల రూపాయల ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాన్ని రెండు విడతలుగా ప్రకటించినప్పుడు మొదటి విడతలో దక్కించుకున్నవి మూడే సంస్థలు: రిలయన్స్, అదానీ, కడపకు చెందిన షిర్డీసాయి ఎలక్ట్రికల్స్. హైదరాబాద్ శివార్లలో సెల్స్, ప్యానెళ్లు రెండూ చేసే ప్రీమియర్ ఎనర్జీస్ 1995 నుంచి ఈ రంగంలో ఉండి 2024లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. తిరునెల్వేలిలో టాటా పవర్ కర్మాగారం సామర్థ్యం 4.3 గిగావాట్లు. మీ పోటీ ఎవరితోనో తెలియడానికే ఈ పేర్లు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చేతిలో కొద్ది కోట్లు మాత్రమే ఉంటే పూర్తి ప్యానెల్ లైన్ జోలికి పోవద్దు. ప్యానెళ్లను నిలబెట్టే ఇనుప స్ట్రక్చర్లు, జంక్షన్ బాక్సులు, అల్యూమినియం ఫ్రేములు, వీధి దీపాలకు వాడే చిన్న ప్యానెళ్లు, ఇవన్నీ ఇదే గిరాకీ మీద బతికే వ్యాపారాలు. సెల్ ధర పడిపోయిందని వీటిలో ఒక్క రాత్రిలో కొంప మునగదు. అంతకు మించిన స్తోమత ఉన్నవాళ్లకే కింది మెట్లు.

4. సెల్ సరఫరాకు రాతపూర్వక ఒప్పందం తెచ్చుకోండి

దిగుమతి సెల్‌తో చేస్తే సుంకం పడుతుంది, సబ్సిడీ మార్కెట్ మూసుకుపోతుంది. 2022 ఏప్రిల్‌లో మాడ్యూళ్లపై 40 శాతం, సెల్స్‌పై 25 శాతం కస్టమ్స్ సుంకం వేశారు. 2025 బడ్జెట్‌లో పేర్లు మార్చి సుంకం కొంత, సెస్సు కొంత చేసినా మాడ్యూళ్లపై మొత్తం భారం అంతే ఉంది. దేశీ సెల్ కావాలంటే అమ్మేవాళ్లు కొద్దిమంది. పైగా వాళ్లలో చాలామందికి సొంత ప్యానెల్ లైన్లు ఉన్నాయి. సరుకుకు కొరత వచ్చినప్పుడు వాళ్లు ముందు తమ లైన్లకే వాడుకుంటారు, మీకు మిగిలింది ఇస్తారు. అందుకే నెలకు ఎన్ని సెల్స్, ఏ సామర్థ్యం, ధర మారితే ఎలా, విరిగిన సరుకు ఎవరి ఖాతాలో అన్నవి కాగితం మీద ఉండాలి. ఈ ఒప్పందం కుదరకపోతే ఇక్కడే ఆగిపోండి. ఇప్పటికి ఖర్చయింది రైలు చార్జీలే.

5. నడిచే పెట్టుబడి లెక్క వేయండి

ఏడాదికి 100 మెగావాట్ల లైన్ అనుకుందాం. ఒక్కో ప్యానెల్ 550 వాట్లయితే ఏటా సుమారు 1,82,000 ప్యానెళ్లు. ఏడాదిలో 300 రోజులు నడిస్తే రోజుకు 606. మూడు షిఫ్టుల్లోనూ ఆగకుండా నడిస్తే రెండున్నర నిమిషాలు తిరగకముందే ఒకటి బయటికి రావాలి. ఒక్కోటి దాదాపు 28 కిలోలు, అంటే రోజుకు 17 టన్నుల సరుకు ఎత్తి దించాలి.

ధర వాట్‌కు 15 రూపాయలనుకుంటే ఏడాది అమ్మకం 150 కోట్లు, నెలకు పన్నెండున్నర కోట్లు. సెల్స్‌కు డబ్బు ముందే కట్టాలి, ఇన్‌స్టాలర్ మాత్రం అరువు అడుగుతాడు. రెండు నెలల సొమ్ము అలా ఇరుక్కుంటే 25 కోట్లు బయటే ఉన్నట్టు. గోదాములో 10 మెగావాట్ల సరుకు ఉండగా ధర వాట్‌కు ఒక్క రూపాయి పడితే కోటి రూపాయలు హరించుకుపోయినట్టే. ఈ రంగంలో ధరలు పడడం వింత కాదు, అదే మామూలు. బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టులో యంత్రాల ఖర్చు పైసలతో సహా ఉంటుంది, ఈ 25 కోట్లు మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోతుంది. దాన్నే పెద్ద అక్షరాలతో రాయించండి.

6. ఇప్పుడు యంత్రాలు

నాకు తెలిసిన ఒక యూనిట్ వాళ్లు చవకగా వస్తోందని వాడిన స్ట్రింగర్ కొన్నారు. సెల్స్‌ను సన్నని రాగి తీగలతో వరుసగా అతికించే యంత్రం అది. 156 మిల్లీమీటర్ల సెల్‌కు, అయిదు గీతల అతుకుకు చేసినది. లైన్ బిగించే సరికి మార్కెట్ 182 మిల్లీమీటర్ల సెల్‌కు, సగానికి కోసిన ముక్కలకు మారిపోయింది. యంత్రంలో లోపం ఏమీ లేదు, ఇప్పటికీ చక్కగా తిరుగుతుంది. అది అతికించగల సెల్ మాత్రం దొరకదు.

కాబట్టి అమ్మేవాడిని వేగం గురించి కాకుండా ఇవి అడగండి. 182, 210 మిల్లీమీటర్ల సెల్స్ రెండూ పడతాయా? కొత్త తరం టాప్‌కాన్ సెల్‌కు పనికొస్తుందా? ముందూ వెనకా గాజు ఉండే ప్యానెల్‌ను, పొరలను వేడితో అతికించే లామినేటర్ తట్టుకుంటుందా? స్ట్రింగర్ చెడితే మెకానిక్ ఎన్ని గంటల్లో వస్తాడు, ఏ ఊరి నుంచి?

లైన్ వరుస క్లుప్తంగా ఇది: సెల్స్‌ను అతికించడం, గాజు మీద పరిచిన ఈవీఏ అనే ప్లాస్టిక్ పొరపై వాటిని పేర్చడం, మరో పొర, దాని వెనక బ్యాక్‌షీట్, లామినేటర్‌లో 140 నుంచి 150 డిగ్రీల దగ్గర ఉడికించడం, ఫ్రేము, జంక్షన్ బాక్సు, చివర కృత్రిమ ఎండ కింద వాట్లు కొలవడం.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఈఎల్ పరీక్ష. చీకటి గదిలో ప్యానెల్‌కు కరెంటు ఎక్కిస్తే సెల్స్ కంటికి కనిపించని కాంతితో వెలుగుతాయి, కెమెరా దాన్ని పట్టుకుంటుంది. బాగున్న సెల్ తెర మీద బూడిద రంగులో నిండుగా కనిపిస్తుంది. చీలింది ఉంటే వెంట్రుక మందాన ఒక నల్ల గీత మూలనుంచి అడ్డంగా పాకి ఉంటుంది. బయటనుంచి చూస్తే అదే ప్యానెల్ అద్దంలా మెరుస్తుంటుంది. ఈ పరీక్ష లామినేటర్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేయాలి. ముందు దొరికిన చీలిక ఖరీదు ఒక్క సెల్. తర్వాత దొరికితే మొత్తం ప్యానెల్ పోయినట్టే, ఎందుకంటే ఉడికిన పొరను మళ్లీ విప్పడం కుదరదు. ఖర్చు తగ్గించుకుందామని మొదటి పరీక్షా యంత్రాన్ని పట్టికలోంచి కొట్టేసేవాళ్లు ఉంటారు. ఆ పని మీరు చేయకండి.

7. అనుమతులు, పరీక్షలు

ఉద్యమ్ నమోదు, జీఎస్టీ, కర్మాగార లైసెన్సు, విద్యుత్తు కనెక్షన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఏకగవాక్ష విధానం ఉంది. ప్యానెళ్ల కూర్పు కాలుష్యం లేని తెల్ల వర్గంలో ఉంది కాబట్టి ఆ దారి సులువే. ప్యానెళ్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ముడిసరుకు మీద ఎక్కువ శాతం కట్టి, అమ్మకం మీద తక్కువ వసూలు చేసే పరిస్థితి రావచ్చు. వాపసు డబ్బు ఎన్నాళ్లకు వస్తుందో మీ ఆడిటరును ముందే అడగండి.

కాలం తినేది భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ధ్రువీకరణ. ఐఎస్ 14286 ప్రమాణం కింద నమూనాలను గుర్తింపు పొందిన ల్యాబుకు పంపాలి. అందులో ఒక పరీక్షలో ప్యానెల్‌ను 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచుతారు. మరొకదానిలో మైనస్ 40 నుంచి 85 డిగ్రీల మధ్య 200 సార్లు చల్లార్చి వేడిచేస్తారు. 1,000 గంటలంటే దాదాపు ఆరు వారాలు. అది పరీక్ష నడిచే కాలం మాత్రమే, ల్యాబులో వరుస కోసం ఎదురుచూపు వేరు. ఆ తర్వాత ఏఎల్‌ఎంఎం తనిఖీ. ఇన్నాళ్లూ లైన్ సిద్ధంగా ఉంటుంది, జీతాలు నడుస్తాయి, వడ్డీ పెరుగుతుంది, ఒక్క ప్యానెల్ కూడా సబ్సిడీ మార్కెట్‌కు వెళ్లదు. కనీసం ఆరు నెలల వడ్డీ, జీతాలు చేతిలో పెట్టుకుని మొదలుపెట్టండి.

8. మొదటి ప్యానెల్ నుంచే రికార్డు పెట్టండి

ప్యానెల్‌కు పాతికేళ్ల పనితీరు హామీ ఇవ్వడం ఈ వ్యాపారంలో ఆనవాయితీ. పదో ఏట ఎవరో ఒక రైతు వచ్చి మోటారు లాగడం లేదంటాడు. తప్పు మీ ప్యానెల్‌దా, బిగించేటప్పుడు ఎవరైనా దాని మీద కాలు పెట్టారా? తేల్చేది ఆనాటి ఈఎల్ ఫొటో, వాట్ల కొలత, వాడిన సెల్స్ లాట్ నంబరు. ఈ మూడూ ప్రతి సీరియల్ నంబరు కింద ఉండాలి, రెండు వేర్వేరు చోట్ల భద్రంగా ఉండాలి. 2022 ఈ-వ్యర్థాల నియమాలు సోలార్ ప్యానెళ్లకూ వర్తిస్తాయి. పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, లామినేటర్‌లో పాడైన సరుకును పాత ఇనుము కొట్టుకు తూకానికి వేయకూడదు. దానికి షెడ్డులో ఒక మూల ఇప్పుడే గీత గీసి పెట్టుకోండి. మొదటి నెలలోనే ఆ మూల ఎంత నిండుతుందో చూస్తే స్ట్రింగర్ దగ్గర నిలబడ్డ కుర్రాడికి ఇంకెంత శిక్షణ కావాలో తెలిసిపోతుంది.