పిల్లల్ని గుర్రం దగ్గరికి తీసుకెళ్లే ముందు

• చెప్పులు వద్దు, కాలివేళ్లు కప్పే బూట్లు వేయండి. పెద్ద గుర్రం 400-500 కిలోలు తూగుతుంది. పొరపాటున గిట్ట పడినా వేళ్లు నలిగిపోతాయి.

• గుర్రాన్ని చూసుకునే మనిషిని అడగనిదే తాకనివ్వకండి.

• వెనక నుంచి అస్సలు వెళ్లొద్దు. మిగతావి మరిచినా ఇది మరవకండి. కళ్లు తలకు చెరో పక్కన ఉండటంతో చుట్టూ దాదాపు 350 డిగ్రీలు చూడగలదు కానీ, సరిగ్గా తోక వెనకా ముక్కు కిందా ఉన్నది కనబడదు. ఉలిక్కిపడితే తన్నేస్తుంది, పాపం భయంతోనే. భుజం వైపు నుంచి, మెల్లగా మాట్లాడుతూ రండి. నిలబడే కునుకు తీస్తుంది కాబట్టి పలకరించాకే చెయ్యి వేయాలి. ముందు మెడ నిమరమనండి.

• చెవులు గమనించడం ఇంటి దగ్గరే నేర్పండి. ముందుకు నిక్కితే ఆసక్తి, వెనక్కి మెడకు అతుక్కుంటే కోపం. వెంటనే పక్కకు జరగాలి.

• బిస్కెట్లు జేబులోనే ఉండాలి. గుర్రం వాంతి చేసుకోలేదు, పడనిది తింటే ప్రాణం మీదికొస్తుంది. గుర్రాన్ని చూసుకునేవాళ్లు ఇచ్చిందే, అరచేయి చాపి, బొటనవేలు దగ్గరికి ముడిచి పెట్టించండి.

• తాడు చేతికి చుట్టుకోనివ్వకండి.

• పిల్లలు భయపడి మీ కాళ్లకు చుట్టుకుంటే బలవంతం వద్దు. కంచె బయట నిలబడి గుర్రం గడ్డి నమలడం చూసినా ఆ రోజుకు చాలు.

• తిరిగి వచ్చేముందు సబ్బుతో చేతులు కడిగించండి.