తీగ మీద జారిపోయే పుట్టీ, గొడ్డలి వీరుడు

నేను చేస్తున్న చిట్టి బొమ్మ ఇది: ఎత్తు 32 మి.మీ., బొచ్చు అంగీ, భుజాన గండ్రగొడ్డలి. ఊహలో వీరుడు బాగానే ఉన్నాడు గానీ, కండలు దిద్దుదామని టూల్‌తో కాస్త నొక్కితే చాలు, బొమ్మ చేతికి పెట్టిన గ్రీన్ స్టఫ్ (నీలం, పసుపు ముద్దలు కలిపి పిసికితే గట్టిపడే ఎపాక్సీ పుట్టీ) మొత్తం, లోపల అస్థిపంజరంగా పెట్టిన తీగ చుట్టూ గిర్రున తిరిగిపోయేది. ఒంటి తీగ, అదీ నున్నటిది, ఇక పట్టెక్కడ దొరుకుతుంది? చెన్నై ప్యారీస్ కార్నర్‌లో ఓ హార్డ్‌వేర్ కొట్లో సన్న రాగి తీగ కొని, రెండు పోగులకి పురి పెట్టి అస్థిపంజరం మళ్లీ కట్టి, దాని మీద పల్చగా, నిజంగానే పల్చగా, పుట్టీ పూసి రాత్రంతా వదిలేశాను. అది గట్టిపడ్డాక పైన ఎంత నొక్కినా కదల్లేదు.

రెండో తలనొప్పి చెన్నై మే నెల. ఇది ఎపాక్సీ కదా, వేడికి త్వరగా బిగుసుకుంటుంది, మేడమీది గదిలో ముఖం సగంలో ఉండగానే మొండికేసేది. అందుకే ఒక్కో భాగానికి శనగగింజంత కలిపి, రాత్రి ఏసీ గదిలో కూర్చునేవాణ్ణి. ("బొమ్మల కొలువుకి ఇంకా టైముంది కదరా" అని అమ్మ.)

గొడ్డలి అంచుకి నీలం ముద్ద కొంచెం ఎక్కువ వేస్తే గట్టిగా, పదునుగా వస్తుంది. బొచ్చుకి పసుపు ఎక్కువుంటే మెత్తగా సాగుతుంది, కానీ జిగురు, టూల్‌ని నీళ్లలో ముంచుతూ ఉండాల్సిందే. రెండు రంగులూ పక్కపక్కనే అంటుకుని ఉండే రిబ్బన్ కొంటే మాత్రం ఆ మధ్య గీతని కోసి పారేయండి, అక్కడ ముందే గట్టిపడి ఉంటుంది, సరిగ్గా ముక్కు దిద్దేటప్పుడే పలుకులు తగులుతాయి.