లిక్విడ్ నైట్రోజన్ పెట్టి లేత్ మీద 304 స్టెయిన్‌లెస్ టర్నింగ్ చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

చల్లగా కోస్తే టూల్ ఎక్కువ కాలం నిలుస్తుందని అంటారు. నిజమే కానీ, 304 స్టెయిన్‌లెస్ దగ్గర ఆ ఒక్క మాట నమ్ముకుంటే చాలదు. ఈ గ్రేడ్‌లోని ఆస్టెనైట్ (అయస్కాంతం అంటని స్ఫటిక నిర్మాణం) అంత స్థిరమైనది కాదు. బాగా చల్లబడ్డాక టూల్ ఒత్తిడి పడితే పైపొరలో కొంత మార్టెన్‌సైట్‌గా, అంటే అయస్కాంతం అంటుకునే గట్టి నిర్మాణంగా మారి గట్టిపడుతుంది. అరుగుదల తట్టుకోవాల్సిన షాఫ్ట్‌కి అది మేలే. అయస్కాంతం అంటుకోకూడని పార్ట్‌కి మాత్రం రిజెక్షనే. అందుకే నైట్రోజన్ నాజిల్ బిగించే ముందు డ్రాయింగ్ చూడండి. గట్టి పొర వద్దంటే 316 వాడొచ్చేమో కస్టమర్‌ని అడగండి, అది అంత తేలిగ్గా మారదు.

నైట్రోజన్ జెట్ తగలాల్సింది టూల్ అంచుకి, చిప్ (కోసిన లోహపు పెచ్చు) రాసుకుంటూ పోయే చోట. జాబ్ (కోస్తున్న ముక్క) మొత్తం తడిపేస్తే నైట్రోజన్ ఖర్చుతో పాటు పైపొర గట్టితనం కూడా మన చేతుల్లో ఉండదు. ఫినిషింగ్ పాస్‌లో మరీ సన్నగా గీకకండి. ముందు పాస్‌లో గట్టిపడిన పొర కిందికి అంచు దిగాలి, లేకపోతే కోయడం మానేసి రుద్దుతుంది, ఫినిష్ పోతుంది. ఫీడ్ మధ్యలో ఆపొద్దు.

వాల్వ్ తిప్పగానే గొట్టంలోంచి ముందు గ్యాసే బుస్సుమని వస్తుంది. ద్రవం నిలకడగా వచ్చేదాకా ఆగండి. చలి వస్తూ పోతూ ఉంటే కార్బైడ్ ఇన్సర్ట్ (టూల్‌కి బిగించే కోత ముక్క) అంచు పగులుతుంది. మామూలు కూలెంట్ కట్టేయండి, గడ్డకడుతుంది.

కొలతల దగ్గర తొందర అసలు వద్దు. 50 మిల్లీమీటర్ల 304 రాడ్ గది కంటే 40 డిగ్రీలు చల్లగా ఉంటే వ్యాసం సుమారు 34 మైక్రాన్లు తక్కువ చూపిస్తుంది. 20 డిగ్రీలకి వచ్చాక, పట్టిన చెమ్మ తుడిచి కొలవండి. గట్టితనానికి రాక్‌వెల్ టెస్ట్ నమ్మొద్దు, దాని ముద్ర సన్నటి పొరని దాటి లోపలికి పోతుంది. ముక్క కోసి, పాలిష్ చేసి, అంచు నుంచి లోపలికి మైక్రో వికర్స్ (చాలా చిన్న ముద్రతో గట్టితనం కొలిచే టెస్ట్) తీయించాలి. షాపులో చటుక్కున చూడాలంటే జేబులో అయస్కాంతం చాలు. కోయక ముందూ పెట్టి చూడండి, కోల్డ్ డ్రాన్ బార్ (వేడి చేయకుండా డై గుండా లాగి తీసినది) కొన్నిసార్లు ముందే కొంచెం లాగుతుంది.

ఇక ప్రాణం సంగతి. ఒక లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల గ్యాస్ అయి గదిలోని ఆక్సిజన్‌ని తోసేస్తుంది. వాసన ఉండదు. ఆక్సిజన్ మానిటర్ లేని మూసిన గదిలో వద్దే వద్దు. రీడింగ్ 19.5 శాతం కంటే పడితే బయటికి వచ్చేయండి. ఎవరైనా పడిపోయినా శ్వాస పరికరం లేకుండా లోపలికి పరుగెత్తకండి. రెండు వాల్వుల మధ్య రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి పెరిగితే తెరుచుకునేది) ఉండాలి, లేకపోతే చిక్కుకున్న ద్రవం గొట్టాన్ని పేల్చేస్తుంది. వేసుకునే గ్లోవ్స్ వదులుగా, చటుక్కున విదిలించేలా ఉండాలి. నూనెతో తడిసినవి పనికిరావు. చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి: ఇన్సులేషన్ లేని గొట్టం మీద గాలిలోని ఆక్సిజన్ ద్రవమై చుక్కలుగా కారుతుంది. ఆ చుక్కలు నూనె మడుగులో పడితే మంటలకి నిప్పురవ్వ చాలు, కాబట్టి గొట్టం కింద నేల శుభ్రంగా తుడిచాకే స్పిండిల్ ఆన్ చేయండి.