పాట పుట్టుక రాయడం – 4వ పాఠం: ఏది విడుదలైంది? ఎక్కడ?

పోయినసారి బ్రిటిష్ రాక్ బృందం డీప్ పర్పుల్ వాళ్ల ‘స్మోక్ ఆన్ ద వాటర్’ (‘నీటి మీద పొగ’) పాట పుట్టుక ఒక పేరాలో రాయమన్నాను. చాలామంది మొదటి వాక్యంలోనే తడబడ్డారు. కొందరు ‘1972లో విడుదలైంది’ అన్నారు, కొందరు 1973 అన్నారు. రెండూ నిజమైన తేదీలే. కానీ అవి దేని తేదీలో ఎవరూ చూసుకోలేదు. అందుకే ఇవాళ్టికి అనుకున్న పాఠం పక్కనపెట్టి దీన్నే పట్టుకుంటున్నాను.

ముందు సంఘటన. 1971 డిసెంబరు 4, స్విట్జర్లాండ్‌లోని మాంట్రో. కాసినోలో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కచేరీ నడుస్తుండగా ప్రేక్షకుల్లో ఎవరో పైకప్పు మీదికి ఫ్లేర్ గన్ (మంటతో సంకేతమిచ్చే తుపాకి) పేల్చారు. కాసినో తగలబడిపోయింది. పొగ జెనీవా సరస్సు మీద పరుచుకుంది. అదే కాసినోలో ఆల్బమ్ రికార్డ్ చేసుకుందామని వచ్చిన డీప్ పర్పుల్‌కి చోటు లేకుండా పోయింది. పెవిలియన్ అనే థియేటర్‌లో రాత్రిపూట ఒక ట్రాక్ వాయిస్తుంటే, గోల భరించలేక చుట్టుపక్కలవాళ్లు ఫిర్యాదు చేశారు, పోలీసులొచ్చారు. ఈ పాట సంగీతం ఆ ట్రాకే. అప్పటికి మాటలు లేవు. పేరు తర్వాత బృందంలో బేస్ గిటార్ వాయించే రోజర్ గ్లోవర్‌కి నిద్రలేస్తుండగా తట్టింది. మిగతా ఆల్బమ్‌ని చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్ వరండాల్లో పూర్తిచేశారు.

ఇక అసలు చిక్కు. ‘మెషీన్ హెడ్’ ఆల్బమ్ వచ్చింది 1972 మార్చిలో. దాన్నుంచి ముందు సింగిల్‌గా, అంటే ఒక్క పాట కోసం విడిగా వేసే చిన్న రికార్డుగా, వేసింది ఈ పాటను కాదు, ‘నెవర్ బిఫోర్’ని. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ అమెరికాలో సింగిల్‌గా వచ్చింది 1973 మేలో, ఆల్బమ్ వచ్చిన ఏడాది దాటాక. ఆ రికార్డు చేతిలోకి తీసుకుంటే ఒకవైపు కుదించిన స్టూడియో పాట, తిప్పితే 1972 ఆగస్టులో జపాన్‌లో వాయించిన కచేరీ పాట. అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్‌లో 4వ స్థానానికి ఎక్కింది ఈ సింగిలే.

‘విడుదలైంది’ అన్న మాట ఒంటరిగా కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆల్బమా, సింగిలా? బ్రిటన్‌లోనా, అమెరికాలోనా? ‘1972లో విడుదలై 4వ స్థానానికి చేరింది’ అని రాస్తే రెండు నిజాలు కలిసి ఒక అబద్ధమవుతాయి. మన సినిమాపాటకి ఆడియో ఎప్పుడొచ్చింది, సినిమా ఎప్పుడొచ్చింది అని విడివిడిగా అడగడం మనకు అలవాటే. ఆ అలవాటే ఇక్కడా వాడండి.

నేనైతే వెనకనుంచి మొదలుపెడతాను: చార్టు, సింగిల్, ఆల్బమ్, రికార్డింగ్, సంఘటన. అలా వెళ్తే ఏ మెట్టు తప్పినా తెలిసిపోతుంది.

ఆల్బమే ముందొస్తుందనీ అనుకోవద్దు. బీటిల్స్ ‘లెట్ ఇట్ బీ’ సింగిల్ 1970 మార్చిలో, ఆల్బమ్ మేలో. రెండింట్లో గిటార్ సోలో వేరు.

అభ్యాసం: మీకిష్టమైన మూడు పాటలు తీసుకోండి, ఒకటి తెలుగుది. ఒక్కోదానికి ఎనిమిది వాక్యాలు. ‘విడుదలైంది’ వాడిన ప్రతిచోటా ఏది, ఎక్కడ అన్న రెండు మాటలూ ఆ వాక్యంలోనే ఉండాలి. పోయినసారి రాసిన పేరాను కూడా తిరగరాసి పంపండి.