తల్లివేరు – నాలుగవ పాఠం: పుట్టింటిపేరు వెతికే దారి

గడచిన పాఠంలో అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మకు తల్లి, ఆమెకు తల్లి అనే వరుసలో పేర్లను, ఒక్కొక్కరి ఎదుట మెట్టినింటి పేరుతోపాటు పుట్టినింటి పేరును రాసుకున్నాం. ఆ కాగితంలో మూడవ గడి దగ్గరో నాలుగవ గడి దగ్గరో కలం ఆగిపోవడం సహజమే. తండ్రివైపు పైకి వెళ్ళేవారికి ఒకే ఇంటిపేరు తాడులా చేతికందుతూ ఉంటుంది. తల్లివైపు మాత్రం తరం మారినప్పుడల్లా ఇంటిపేరు, తరచుగా ఊరు కూడా మారిపోతాయి కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా వెతుకులాటను మళ్ళీ మొదలుపెట్టవలసిందే.

తర్పణాలు విడిచే ఆచారమున్న ఇళ్ళలో అక్కడ చెప్పే పేర్లు కొంతవరకే పనికివస్తాయి. మాతామహి అంటే అమ్మమ్మ. ఆ తరువాత వచ్చే మాతుఃపితామహి మాత్రం అమ్మకు నాయనమ్మ, అంటే తాతగారి తల్లి; అమ్మమ్మ తల్లి కాదు. మనం వెతుకుతున్న స్త్రీ ఆ వరుసలో లేనే లేదు.

ఆమె దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నది పసుపు కుంకుమల కింద ఆడపిల్లకు భూమి రాసిచ్చిన దస్తావేజుల్లో. అన్నదమ్ముల పంపకాల కాగితాల్లో కూతుళ్ళ పేర్లు అరుదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ చట్టం సవరణకు ముందు హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు లేదు. దాన దస్తావేజులో మాత్రం ఆమెను ఫలానా వారి కుమార్తెగా, ఫలానా వారి భార్యగా, వయసుతోనూ కాపురముండే ఊరితోనూ రాయడం పరిపాటి. ఆన్‌లైన్‌లో వచ్చే ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే కాబట్టి, అంతకు పూర్వపు కాగితాల కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో సోదాకు అర్జీ పెట్టాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఒకటవ ఇండెక్సు మనుషుల పేర్లతోనూ, రెండవది ఆస్తి వివరాలతోనూ ఉంటుంది. నా సలహా రెండవదానితో మొదలుపెట్టమనే, ఎందుకంటే ఆడవారి పేర్లు నిలకడగా ఉండవు. అత్తగారి పేరు పెట్టుకున్న కూతురిని ఆ పేరుతో పిలవడానికి కోడలికి నోరు రాక, అమ్మడు, పాప అంటూ పిలిస్తే, ఒక్కోసారి ఆ ముద్దుపేరే కాగితాల్లోకి ఎక్కుతుంది. పొలం మాత్రం ఊరు మారదు.

దస్తావేజు చేతికి వచ్చాక అందరూ పేర్లు చదివి మడిచిపెడతారు. హద్దులు చదవాలి. మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఆమె తండ్రి రాసిచ్చిన 1938 నాటి దస్తావేజు ఒకటి ఉండేది. మడతల దగ్గర చిరిగిపోయిన ఆ కాగితంలో తూర్పు హద్దు ఎదుట 'నీ అక్కకు ఇదివరలో పసుపు కుంకుమలకు ఇచ్చిన భూమి' అని ఉంది. అమ్మమ్మకు అక్క ఉన్నదన్న సంగతే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఊరికి వెళ్ళి అడిగితే ఆ అక్కగారి కూతురు, అంటే నాకు పెద్దమ్మ వరుస అయ్యే ఆవిడ, పక్క మండలంలోనే ఉన్నట్లు తెలిసింది.

డీఎన్‌ఏ అవసరం పడేది ఇటువంటి చోటనే. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఉండే 16,569 అక్షరాల చిన్న డీఎన్‌ఏ వలయం తల్లి నుంచి కొడుకులకూ కూతుళ్ళకూ వస్తుంది గాని, ముందు తరానికి అందించేది కూతుళ్ళే. కనుక ఒకే తల్లికి పుట్టిన అక్కచెల్లెళ్ళ కూతుళ్ళకు అది ఒకటే ఉండాలి. పెద్దమ్మకు విషయమంతా వివరించి, ఆమె ఒప్పుకున్న తరువాతనే ఆమె నమూనాను, మా అమ్మ నమూనాను పంపించాం. మా అమ్మది ఎం అనే హాప్లోగ్రూపు (ఒకే పూర్వపు తల్లి నుంచి వచ్చినవారి గుంపు) అని, పెద్దమ్మది యు2 అని ఫలితం వచ్చింది. ఒకటి రెండు అక్షరాల తేడా అయితే మధ్యలో వచ్చిన మార్పు అనుకోవచ్చు. హాప్లోగ్రూపులే వేరైతే ఆ ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒక తల్లి పిల్లలు కారు. దీనికి తిరుగుడు వైపు కూడా గుర్తుంచుకోవాలి: ఇద్దరికీ ఎం వచ్చినంత మాత్రాన బంధుత్వం రుజువు కాదు, మన దేశంలో సగం మందికి పైగా ఆ పెద్ద గుంపులోని వారే. మొత్తం వలయం అక్షరం పొల్లుపోకుండా కలిసినా, ఆ ఉమ్మడి తల్లి కొన్ని వందల ఏళ్ళ కిందటి మనిషి కావచ్చు.

అయితే దస్తావేజు అబద్ధమా? కాదు. రెండు వైపుల నుంచీ వచ్చే మిగిలిన డీఎన్‌ఏను పోల్చి చూస్తే మా అమ్మకూ పెద్దమ్మకూ దాదాపు 6 శాతం కలిసింది. సొంత అక్కచెల్లెళ్ళ పిల్లలకు సగటున 12.5 శాతం, తండ్రి ఒకరై తల్లులు వేరైన వారి పిల్లలకు అందులో సగం కలుస్తుంది. ఆ అంకె పట్టుకుని అక్కగారి పేరిట ఉన్న దస్తావేజును సోదా చేయించగా, 'నీ తల్లి గతించినందున, ఆమెకు పుట్టింటివారిచ్చిన భూమి నీకే చెందవలసియున్నందున' అన్న వాక్యం దొరికింది. మా అమ్మమ్మ రెండవ భార్య కూతురు.

మేనరికాలున్న ఇళ్ళలో ఈ శాతాలను అలాగే నమ్మకూడదు, ఎందుకంటే ఒకే పూర్వీకుడి డీఎన్‌ఏ రెండు దారుల్లో వచ్చి లెక్కను పెంచుతుంది. మైటోకాండ్రియా విషయంలో మాత్రం అవే మేనరికాలు మేలు చేస్తాయి. అమ్మ తన సొంత మేనమామను పెళ్ళాడి ఉంటే నాన్నకూ అమ్మమ్మకూ తల్లి ఒకరే. అమ్మ లేకపోయినా నాన్న నమూనాలో తల్లివేరు దొరుకుతుంది. నాన్న తన మేనత్త కూతురిని చేసుకుని ఉంటే తాతగారి నమూనా, అంటే నాన్న తండ్రిది, చాలు. మేనమామ కూతురిని చేసుకున్నప్పుడు ఈ అడ్డదారి లేదు, అది మేనమామ భార్య పుట్టింటి వైపు నుంచి వస్తుంది.

వచ్చే పాఠానికి ముందు మీ ఇంట్లో ఉన్న పాత దస్తావేజు ఒకటి తీసి, హద్దుల్లో ఉన్న మనుషులనూ, చివర సంతకమో నిశానీయో చేసిన సాక్షులనూ వేరే కాగితం మీద రాసి, మీకు తెలియని ఇంటిపేర్ల కింద గీత గీయండి. ఆడపిల్లకు రాసిచ్చే కాగితానికి ఆమె మేనమామ సాక్షిగా నిలబడడం కద్దు. మా 1938 కాగితంలో రెండవ సాక్షి ఇంటిపేరు మా బంధువుల్లో ఎవరికీ లేదు. ఆ పేరుతోనే ఐదవ పాఠం మొదలవుతుంది.