మిర్చి లెక్కల అప్లికేషన్‌ను ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 2.0కు మార్చే విధానం

గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారుల కోసం టిక్కీల (మిర్చి బస్తాల) రాక, కాటా తూకం, రైతుకు చెల్లించవలసిన సొమ్ము నమోదు చేసే పైథాన్ అప్లికేషన్ ఒకటి నా నిర్వహణలో ఉంది. అది ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అనే డేటాబేస్ లైబ్రరీ 1.3 వెర్షన్ మీద నడిచేది. 2023 జనవరిలో విడుదలైన 2.0కు దానిని మార్చిన క్రమాన్ని, అటువంటి పని తలపెట్టినవారి కోసం ఇక్కడ వివరిస్తున్నాను.

సరుకు పోటెత్తే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ పనికి పూనుకోరాదు. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే రోజులే అనువైనవి.

1.3 నుంచి నేరుగా 2.0కు దూకకుండా ముందు 1.4కు రావాలి. పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ పనిచేసేలా ఆ వెర్షన్‌ను తయారుచేశారు. అక్కడ ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ_వార్న్_20 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 విలువ ఇచ్చి, పైథాన్ హెచ్చరికలను దాచకుండా చూపేలా పెట్టి టెస్టులు నడిపితే, ఆ టెస్టులు తాకిన కోడులో 2.0లో తొలగించిన ప్రతి వాడుకా ఫైలు పేరు, లైను నంబరుతో సహా బయటపడుతుంది.

వీటిలో చాలావరకు సులభంగా తీరిపోతాయి. సెలెక్ట్‌లో కాలమ్‌లను లిస్టుగా కాక విడివిడిగా ఇవ్వాలి, నేరుగా స్ట్రింగ్‌గా రాసిన ఎస్‌క్యూఎల్‌ను టెక్స్ట్ ఫంక్షన్‌లో పెట్టాలి, వరుసలోని విలువను కాలమ్ పేరుతో బ్రాకెట్లలో కాక చుక్క పెట్టి తీసుకోవాలి.

అసలు జాగ్రత్త పడవలసినది కమిట్ విషయంలో, అంటే రాసినదాన్ని డేటాబేస్‌లో ఖాయం చేసే విషయంలో. 2.0లో ఇంజిన్ మీద నేరుగా ఎగ్జిక్యూట్ చేయడం లేదు గనుక అందరం ముందుగా కనెక్ట్‌తో కనెక్షన్ తెరిచి, దాని మీద కొత్త వరుసను చేర్చే అదే పాత ఇన్సర్ట్ నడుపుతాము. ఎర్రర్ పోతుంది, పని అయిపోయిందనిపిస్తుంది. కానీ పాత వెర్షన్ తనంతట తానే చేసిన కమిట్‌ను కొత్తది చేయదు. కనెక్షన్ మూసుకోగానే ఆ రాత రోల్‌బ్యాక్ అవుతుంది, అంటే రద్దైపోతుంది, ఒక్క హెచ్చరిక కూడా రాదు. నకలు డేటాబేస్ మీద పరీక్షిస్తున్నప్పుడు ఒక తేజ రకం లాటు తూకం నమోదు చేస్తే తెరపై “నమోదైంది” అని వచ్చింది, పట్టికలోని వరుస నంబర్లలో మాత్రం 41 తరువాత 43 కనిపించింది. మేము వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రోల్‌బ్యాక్ అయినా, వరుసలకు అదే ఇచ్చే సీక్వెన్స్ నంబరు వెనక్కి రాదు కనుకనే ఆ ఖాళీ నా కంటపడింది. అది రైతు తెచ్చిన సరుకు తూకం. నిజమైన డేటాబేస్‌లో పోయి ఉంటే అతనికి రావలసిన సొమ్ముకు లెక్కే ఉండేది కాదు.

అందువల్ల డేటాను మార్చే ప్రతి చోటా కనెక్ట్‌కు బదులు బిగిన్ వాడండి. అది బ్లాకు సజావుగా ముగిస్తే కమిట్ చేస్తుంది, ఎర్రర్ వస్తే వెనక్కి తీస్తుంది. టెస్టులో కూడా రాసిన కనెక్షన్‌తోనే చదవకుండా, మరొక కనెక్షన్ తెరిచి చదివి చూడాలి.

తరువాత 1.4లోనే ఇంజిన్‌కు, సెషన్‌కు ఫ్యూచర్ అనే ఆప్షన్‌ను ట్రూగా పెట్టి కొన్నాళ్లు నడపండి. పాత క్వెరీ పద్ధతి 2.0లోనూ పనిచేస్తుంది కాబట్టి దానిని ఇప్పుడే తిరగరాయవద్దని నా సలహా. హెచ్చరికలన్నీ ఆగాక రిక్వైర్‌మెంట్స్ ఫైలులో వెర్షన్ మార్చండి. లైబ్రరీ మారినంత మాత్రాన పట్టికలు మారవు; ఇబ్బంది ఎదురైతే ఆ ఒక్క లైనును 1.4కు తిప్పి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే, సరిచేసిన కోడే అక్కడా నడుస్తుంది.